పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచితే వేగం పెరుగుతుందా? కొనేముందు చూసుకోవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ల్యాప్‌టాప్ వయసు దాదాపు పదేళ్లు, అందులో ఇంటెల్ ఐదో తరానికి చెందిన కోర్ ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్, 64 బిట్ విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేసిన కొత్తలో ఫర్వాలేదనిపిస్తుంది. బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబ్‌లు తెరిచి, పక్కన ఒక పెద్ద ఎక్సెల్ ఫైలు పెట్టుకునేసరికి మౌస్ కూడా కదలనంతగా బిగుసుకుపోతుంది, డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. ర్యామ్ పెంచితే సరిపోతుందా, ఏ ర్యామ్ అయినా పడుతుందా, ఎంత వేయాలి, అసలు కొత్తది కొనుక్కోవడమే మేలా అన్నవి మీ ప్రశ్నలు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ర్యామ్ చాలకపోవడమే ప్రధాన కారణంగా కనిపిస్తున్నది, కాబట్టి పెంచితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయినా కొనేముందు ఆ మాటను మీ యంత్రం చేతనే చెప్పించుకోమని నా సలహా, ఎందుకంటే నిదానించిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ ర్యామ్ మందు కాదు. కొరత ఉన్నచోట వేసిన ర్యామ్ చేసే మేలును మరే మార్పూ చేయలేదు, కొరత లేనిచోట ఎంత వేసినా ఫలితం ఉండదు.

కొరత ఏర్పడినప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందుగా చూద్దాం. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ తమకు కావలసిన సమాచారాన్ని ర్యామ్‌లో ఉంచుకుంటాయి. అది నిండిపోతే విండోస్ పని ఆపదు. కాసేపటిగా ఎవరూ ముట్టుకోని భాగాలను మొదట కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది, అదీ చాలనప్పుడు వాటిని 4 కిలోబైట్ల పేజీలుగా డిస్క్‌లోని పేజ్‌ఫైల్ అనే ఫైలులోకి పంపిస్తుంది. మీరు మళ్లీ ఆ ట్యాబ్‌కు వెళ్లినప్పుడు ఆ పేజీలను వెనక్కి తేవాలి, వాటికి చోటు కోసం మరికొన్నింటిని బయటకు పంపాలి. డిస్క్ లైటు ఆరకపోవడానికి కారణం ఈ రాకపోకలే. ర్యామ్ నుంచి ఒక చిన్న సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. 5400 వేగంతో తిరిగే డిస్క్‌లో పళ్లెం ఒక చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు కావాలి, ఆపైన చదివే తల సరైన వలయం మీదికి జరగాలి, కనుక ఒక్కో పేజీకి 10 నుంచి 15 మిల్లీసెకన్లు పట్టవచ్చు. అంటే లక్ష రెట్లకు పైగా తేడా. ర్యామ్‌లో దొరికేదానికి ఒక సెకను పడుతుందనుకుంటే, అదే లెక్కన డిస్క్ నుంచి తేవడానికి ఒక రోజు దాటుతుంది. వందల పేజీలు ఒకేసారి కావలసి వచ్చినప్పుడు మౌస్ బాణం కూడా ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు, ప్రాసెసర్ మాత్రం ఆ సమయంలో దాదాపు ఖాళీగానే ఉంటుంది.

కొన్నప్పుడు ఇదే 4 జీబీతో చక్కగా నడిచిన యంత్రం ఇప్పుడెందుకు నడవడం లేదని చాలామంది అడుగుతారు. యంత్రం మారలేదు, దాని మీద మనం వేసే బరువు మారింది. ముఖ్యంగా బ్రౌజర్ మారింది. క్రోమ్ మొదటినుంచీ ట్యాబ్‌లను వేర్వేరు ప్రాసెస్‌లుగా, అంటే విడివిడిగా నడిచే పనులుగా, నడిపేది. 2018లో, ఒక సైటు మరో సైటు సమాచారాన్ని దొంగిలించకుండా ఉండేందుకు, ఒక్కో సైటును దాని సొంత ప్రాసెస్‌లో విడిగా ఉంచే పద్ధతిని డెస్క్‌టాప్ వెర్షన్‌లో అందరికీ అమలులోకి తెచ్చింది. భద్రత దృష్ట్యా అది మంచి నిర్ణయమే, కానీ దానికి మూల్యం ర్యామ్ రూపంలో చెల్లించాలి. వెబ్ పేజీలు కూడా పదేళ్ల క్రితంవి కావు. ఈమెయిల్, చాటింగ్, పత్రాల ఎడిటర్ వంటివన్నీ ఇప్పుడు పేజీ రూపంలో ఉన్న పూర్తి స్థాయి ప్రోగ్రాములే.

ఇక కొలత సంగతి. మీరు రోజూ చేసే పని మొత్తాన్ని, అంటే ఆ పన్నెండు ట్యాబ్‌లనూ ఆ ఎక్సెల్ ఫైలునూ, తెరిచి పెట్టండి. ఖాళీగా ఉన్న యంత్రాన్ని కొలిస్తే ఏమీ తెలియదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ అనే భాగంలో మెమరీని ఎంచుకోండి. ‘అవైలబుల్’ అన్న అంకె కొన్ని వందల ఎంబీలకు పడిపోయి అక్కడే ఉండిపోతున్నదా, ‘ఇన్ యూజ్’ పక్కన చూపించే కంప్రెస్డ్ అంకె పెద్దదిగా ఉన్నదా చూడండి. వీటికంటే కూడా నేను ఎక్కువగా నమ్మేది ‘కమిటెడ్’ అన్న చోట గీతకు అటూ ఇటూ ఉండే రెండు అంకెలను. ఎడమవైపుది ప్రోగ్రాములన్నీ కలిసి తమకు కావాలని రాయించుకున్న మెమరీ, కుడివైపుది ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి విండోస్ ఇవ్వగలిగిన మొత్తం. రాయించుకున్నదంతా ఏ క్షణంలోనూ పూర్తిగా వాడకపోవచ్చు, అయినా మీ 4 జీబీ యంత్రంలో ఎడమవైపు అంకె 7 దగ్గర తిరుగుతూ ఉంటే మీ పనికి ఎంత ర్యామ్ కావాలో అదే చెబుతున్నదనుకోవచ్చు.

ఇంకా లోతుగా చూడాలంటే అక్కడినుంచే రిసోర్స్ మానిటర్ తెరిచి, మెమరీ భాగంలో సెకనుకు ఎన్ని ‘హార్డ్ ఫాల్ట్స్’ అవుతున్నాయో చూడండి. ఈ పేరు చూసి ఏదో చెడిపోయిందని భయపడకండి. కావలసిన పేజీ ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవలసి వచ్చింది అని మాత్రమే దాని అర్థం. కొత్తగా ఒక ప్రోగ్రామును తెరిచినప్పుడు ఆ అంకె ఒక్కసారి ఎగిసి పడిపోవడం సహజం. ఏదీ కొత్తగా తెరవకుండా, ఒక ట్యాబ్ నుంచి మరో ట్యాబ్‌కు మారినంత మాత్రాన వందల్లోకి ఎక్కి దిగకుండా ఉండిపోతే, అది కొరతకు తిరుగులేని సాక్ష్యం. లినక్స్ వాడేవారు ‘ఫ్రీ’ ఆదేశంలో అవైలబుల్ అన్న నిలువు వరుసనూ, ‘వీఎంస్టాట్’ ఆదేశంలో స్వాప్‌లోకి (విండోస్ పేజ్‌ఫైల్ వంటిది) వెళ్లేవి, వచ్చేవి ఎన్నో చెప్పే రెండు వరుసలనూ చూడాలి. మాక్‌లో అయితే యాక్టివిటీ మానిటర్‌లోని మెమరీ ప్రెజర్ గ్రాఫు రంగు చూస్తే సరిపోతుంది. పచ్చగా ఉంటే ఇబ్బంది లేదు, ఎర్రబడితే కొరత ఉన్నట్టు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. ర్యామ్‌లో పూర్తిగా ఖాళీగా ఉన్న చోటు చాలా తక్కువగా కనిపించడం దానంతట అదే లోపం కాదు. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు కనుక, మీరు తరచూ వాడే ఫైళ్లను, ప్రోగ్రాములను విండోస్ ముందుగానే తెచ్చి అందులో ఉంచుతుంది. ఎవరికైనా చోటు కావలసి వస్తే వాటిని తక్షణమే వదిలేస్తుంది. క్యాష్‌డ్ అన్న అంకె అదే. దీన్ని అర్థం చేసుకోకుండా ‘ర్యామ్‌ను శుభ్రం చేస్తాం’ అనే ప్రోగ్రాములను ఎక్కించుకునేవారు చాలామంది ఉన్నారు. అవి చేసేదల్లా ప్రోగ్రాముల పేజీలను బలవంతంగా బయటకు నెట్టి, ఖాళీ అంకెను పెద్దదిగా చూపించడమే. మరుక్షణం మీరు ఆ ప్రోగ్రామును వాడబోతే అవన్నీ డిస్క్ నుంచి తిరిగి రావాలి. కొరతతో ఉన్న యంత్రానికి ఇది మరింత హాని చేస్తుంది. అలాంటిది మీ దగ్గర ఉంటే ఈరోజే తీసేయండి.

కొలిచిన తరువాత, అవైలబుల్ ఎప్పుడూ ఒకటిన్నర రెండు జీబీలు ఉంటూ, హార్డ్ ఫాల్ట్స్ నిలకడగా తక్కువగా ఉంటూ, అయినా యంత్రం నిదానంగానే ఉన్నదని తేలితే ర్యామ్ కొనకండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలు దాటకపోతే హార్డ్ డిస్క్‌ను అనుమానించాలి. స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూపించే ఏదైనా ఉచిత ప్రోగ్రాముతో పరీక్షించి, రీఅలొకేటెడ్ సెక్టర్లు (చెడిపోయిన భాగాలు), పెండింగ్ సెక్టర్లు (చెడిపోయాయని అనుమానమున్నవి) అన్న వరుసల్లో సున్నా కాకుండా అంకెలు పెరుగుతూ ఉంటే, వేగం మాట తరువాత, ముందు మీ ఫైళ్లను మరోచోట భద్రపరుచుకోండి. ఫ్యాను గట్టిగా మోగుతూ, ప్రాసెసర్ వేగం దాని అసలు వేగం కంటే బాగా కిందికి పడిపోతుంటే, అది వేడికి సంబంధించిన సమస్య. లోపలి దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీది ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్పిస్తే కుదుటపడుతుంది.

మీ విషయంలో కొరత రుజువైందనే అనుకుందాం. ఇప్పుడు ఎంత వేయాలి? బ్రౌజర్, ఆఫీసు పనులు, వీడియో కాల్స్ వరకే పరిమితమయ్యేవారికి 8 జీబీ సరిపోతుంది. ట్యాబ్‌లను మూసే అలవాటు లేనివారికి, పెద్ద ఎక్సెల్ ఫైళ్లతో పనిచేసేవారికి 12 జీబీ ఇంకా ఊపిరి పీల్చుకునే వీలు ఇస్తుంది. మీ ప్రాసెసర్ 16 జీబీ వరకు స్వీకరిస్తుందని ఇంటెల్ వివరాల్లో ఉన్నది, కానీ రెండే కోర్లతో, 2 గిగాహెర్ట్జ్ దగ్గర, టర్బో (అవసరమైనప్పుడు వేగం పెంచుకునే సదుపాయం) లేకుండా నడిచే ఈ ప్రాసెసర్‌తో 16 జీబీని నింపేంత పని చేయాలనుకుంటే ముందుగా అలసిపోయేది ప్రాసెసరే. వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటరు లోపల ప్రోగ్రాముగా నడిచే మరో కంప్యూటరు వంటివి) నడపవలసిన అవసరం ఉంటే తప్ప అంత దూరం వెళ్లనక్కరలేదు. ఇప్పుడున్న 4 జీబీ మాడ్యూల్‌ను (ర్యామ్ చిప్‌లు అమర్చిన చిన్న పలకను) అలాగే ఉంచి, రెండో స్లాట్‌లో (అటువంటి పలకను గుచ్చే చోట) 8 జీబీ వేసి 12 చేసుకోవడం మీకు తగినదని నా అభిప్రాయం.

అయితే రెండో స్లాట్ ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో అదే మెమరీ పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర ‘1 ఆఫ్ 2’ అని ఉంటే ఒకటి ఖాళీగా ఉన్నట్టు. దాని కింద ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర ‘సోడిమ్’ అని ఉంటే అది తీసి పెట్టగల మాడ్యూల్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ఆ ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేశారని అర్థం. కొన్ని యంత్రాల్లో 4 జీబీ సోల్డర్ చేసి, పక్కన ఒక స్లాట్ ఇస్తారు. సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ స్లాట్ కూడా ఉండదు, మాక్‌బుక్ ఎయిర్‌లో ఏ మోడల్‌కూ లేదు. ఈ అంకెలు కూడా బయోస్ (విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాము) ఇచ్చిన సమాచారమే కనుక అరుదుగా తప్పు చూపిస్తాయి. మీ మోడల్ నంబరుతో తయారీదారు విడుదల చేసిన సర్వీస్ మాన్యువల్ దొరికితే అదే అన్నిటికంటే నమ్మదగినది. స్లాట్లు ఎన్ని, గరిష్ఠంగా ఎంత, ఏ మూత విప్పాలి అన్నవన్నీ అందులో బొమ్మలతో సహా ఉంటాయి.

మీది 64 బిట్ విండోస్ కనుక మీకు ఇబ్బంది లేదు గానీ, ఇది చదివే ఇతరుల కోసం చెబుతున్నాను. 32 బిట్ విండోస్ వాడుతున్నవారు ఎంత ర్యామ్ వేసినా అది 4 జీబీకి మించి చూడలేదు. గ్రాఫిక్స్ తదితర పరికరాల చిరునామాలకు కొంత పోయి, చేతికి వచ్చేది సుమారు మూడు, మూడున్నర జీబీలే. ముందు 64 బిట్‌కు మారిన తరువాతే ర్యామ్ కొనాలి.

ఎక్కువమంది నష్టపోయేది ర్యామ్ రకం దగ్గరే, కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ర్యామ్‌లో వరుసగా వచ్చిన తరాలైన డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు. ల్యాప్‌టాప్ మాడ్యూళ్లలో వీటికి వరుసగా 200, 204, 260, 262 పిన్నులు ఉంటాయి, మధ్యలో ఉండే గాటు కూడా ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది, కాబట్టి తప్పు తరం స్లాట్‌లోకే వెళ్లదు. అసలు ప్రమాదం స్లాట్‌లోకి చక్కగా వెళ్లి కూడా పనిచేయనిదానితో. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, పిన్నులూ గాటూ ఒకటే. మొదటిది 1.5 వోల్టులతో పనిచేస్తుంది, రెండోది 1.35 వోల్టులతో కూడా పనిచేస్తుంది. నాలుగో తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు డీడీఆర్3 తరం ర్యామ్‌కు 1.35 వోల్టులనే ఇస్తాయి. మీది ఐదో తరం. మామూలు డీడీఆర్3 మాడ్యూల్‌ను అందులో పెడితే తెర వెలగదు. డీడీఆర్3ఎల్ మాత్రం 1.5 వోల్టుల పాత యంత్రాల్లో కూడా పనిచేస్తుంది కనుక, సందేహం ఉన్నవారు ఎప్పుడూ ‘ఎల్’ ఉన్నదే తీసుకోవాలి.

మాడ్యూల్ మీది కాగితం లేబుల్‌ను చదవడం నేర్చుకుంటే అమ్మేవారి మాట మీద ఆధారపడనక్కరలేదు. మీ యంత్రంలోంచి తీసిన మాడ్యూల్ మీద బహుశా ‘4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్’ అన్న తరహా వరుస ఉంటుంది. ‘పీసీ3ఎల్’ అంటే డీడీఆర్3ఎల్. 12800 అన్నది సెకనుకు ఎన్ని ఎంబీలు బదిలీ చేయగలదో చెప్పే అంకె, దానినే 1600 వేగం అని కూడా అంటారు. చివర ఉన్న ‘ఎస్’ ల్యాప్‌టాప్ సైజును సూచిస్తుంది. ‘1ఆర్ఎక్స్8’, ‘2ఆర్ఎక్స్8’ అన్నవి చిప్‌ల అమరికను చెబుతాయి. మీ కంటే పాత యంత్రాలు ఉన్నవారు ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగో తరం వరకు ఇంటెల్ ప్రాసెసర్లు ఒక్కో చిప్‌లో 4 గిగాబిట్ల వరకే గుర్తిస్తాయి, అందువల్ల ఎనిమిదే చిప్‌లతో చేసిన 8 జీబీ మాడ్యూల్ వాటిలో పనిచేయదు, పదహారు చిప్‌లున్న ‘2ఆర్ఎక్స్8’ రకమే కావాలి. ఐదో తరంలో ఆ అడ్డు లేదు.

వేగం విషయంలో మరీ పట్టుదల అవసరం లేదు. 1866 వేగం ఉన్న డీడీఆర్3ఎల్ మాడ్యూల్ దొరికినా మీ ప్రాసెసర్ దాన్ని 1600 దగ్గరే నడుపుతుంది. రెండు మాడ్యూళ్ల వేగాలు వేర్వేరుగా ఉంటే రెండూ తక్కువదాని వేగంతో నడుస్తాయి. కంపెనీలు ఒకటే కానక్కరలేదు. వోల్టేజీ, తరం సరిపోవడం ముఖ్యం, వేగం ఆ తరువాత, కంపెనీ పేరు చివర. వాడి తీసిన మాడ్యూల్ అయినా ఫర్వాలేదు, ర్యామ్ హార్డ్ డిస్క్‌లా అరిగిపోయే వస్తువు కాదు. కాకపోతే సరిపడకపోతే వెనక్కి తీసుకుంటామనే షరతు మీదనే కొనండి.

రెండు స్లాట్లలోనూ మాడ్యూళ్లు ఉంటే మరో ప్రయోజనం ఉన్నది, దాన్ని డ్యూయల్ చానెల్ అంటారు. 1600 వేగంతో ఒక్క మాడ్యూల్ సెకనుకు 12.8 జీబీ ఇవ్వగలిగితే, రెండు కలిసి 25.6 జీబీ ఇవ్వగలవు. ప్రాసెసర్ మామూలు పనుల్లో ఈ తేడాను పెద్దగా గమనించరు గానీ, మీ యంత్రంలోలా గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉండి ర్యామ్‌నే వాడుకునేచోట, వీడియోలు చూసేటప్పుడూ పెద్ద తెరను జోడించినప్పుడూ ఇది తెలుస్తుంది. 4, 8 కలిపి వేస్తే సమానం కావు కదా అనవచ్చు. ఇంటెల్ యంత్రాలు రెండింటిలోని మొదటి నాలుగేసి జీబీలను జంటగా నడిపి, మిగిలిన 4 జీబీని ఒంటరిగా నడుపుతాయి, కనుక నష్టమేమీ లేదు. మొత్తం ర్యామ్ ఎంత అన్నదానికే నేను మొదటి స్థానం ఇస్తాను, జంట కుదరడం రెండోది.

బిగించడం కష్టమైన పని కాదు, ఓపిక కావాలి అంతే. విండోస్ 10లో మామూలుగా షట్‌డౌన్ చేస్తే అది పూర్తిగా ఆగదు, తరువాత త్వరగా లేవడానికి కొంత స్థితిని దాచుకుంటుంది. అందుకని షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. చార్జర్ తీసేయండి, బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే దాన్నీ తీసేయండి. లోపల ఉండే రకమైతే మూత విప్పగానే మొదట చేయవలసిన పని మదర్‌బోర్డు నుంచి బ్యాటరీ కనెక్టరును ఊడదీయడం. ఆ తరువాత పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు పోతుంది. ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్‌లకు ప్రమాదం కనుక, భూమికి కలిసి ఉన్న లోహపు వస్తువును ఏదైనా ఒకసారి ముట్టుకోండి, తివాచీ మీద కూర్చుని ఈ పని చేయకండి. స్క్రూలు ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో ఒక కాగితం మీద గుర్తుపెట్టుకుంటూ తీయండి. పొడవైన స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు వైపు పొడుచుకు వస్తుంది.

మాడ్యూల్‌కు రెండు పక్కలా రెండు సన్నని లోహపు క్లిప్పులు ఉంటాయి. రెండింటినీ ఒకేసారి గోళ్లతో బయటి వైపుకు నెడితే మాడ్యూల్ దానంతట అదే స్ప్రింగులా కొద్దిగా పైకి లేచి ఏటవాలుగా నిలుస్తుంది. కొత్తదాన్ని అంచులతోనే పట్టుకుని, గాటు స్లాట్‌లోని మిట్టకు ఎదురుగా వచ్చేలా చూసుకుని, అదే ఏటవాలులో లోపలికి నెట్టండి. బంగారు రంగు పిన్నుల వరుస దాదాపు పూర్తిగా స్లాట్‌లోకి వెళ్లిపోవాలి. పిన్నులు సగం బయటికి కనిపిస్తుంటే అది సరిగా కూర్చోలేదు, అలాగే కిందికి వంచితే స్లాట్ విరుగుతుంది. పూర్తిగా వెళ్లిన తరువాత కిందికి మెల్లగా నొక్కితే రెండు క్లిప్పులూ టక్కుమని పట్టుకుంటాయి. పదేళ్లుగా ఖాళీగా ఉన్న స్లాట్‌లో దుమ్ము చేరి ఉంటుంది, కాబట్టి పెట్టేముందు గాలి ఊదే డబ్బాతో శుభ్రం చేయడం మంచిది. నోటితో ఊదితే తడి పడుతుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర మామూలుకంటే ఆలస్యంగా వెలగవచ్చు, యంత్రం కొత్త ర్యామ్‌ను పరీక్షించుకుని దానికి తగిన సమయాలను లెక్కగట్టుకుంటున్నది. ఒకటి రెండు నిమిషాలు ఆగండి, కంగారుపడి మధ్యలో ఆపకండి. అప్పటికీ తెర నల్లగానే ఉన్నా, బీప్ శబ్దాలు వరుసగా వినిపించినా, చాలాసార్లు మాడ్యూల్ సరిగా కూర్చోకపోవడమే కారణం. మళ్లీ కరెంటు పూర్తిగా తీసి, తిరిగి పెట్టి చూడండి. అప్పుడూ కాకపోతే కొత్తదాన్ని ఒంటరిగా, పాత స్లాట్‌లో పెట్టండి. అక్కడ పనిచేస్తే రెండో స్లాట్‌ను గానీ రెండింటి జతను గానీ అనుమానించాలి. అక్కడా పనిచేయకపోతే మాడ్యూల్ రకం తప్పు, లేదా అది చెడిపోయినది.

తెర వెలిగి, విండోస్ 12 జీబీ చూపించినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. లోపమున్న మాడ్యూల్ రోజుల తరబడి బాగా నడిచి, ఒకరోజు మీరు దాచిన ఫైలులోనే తప్పు సమాచారం రాసి పెట్టగలదు. అందుకని మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును యూఎస్‌బీ డ్రైవ్‌లో ఎక్కించి, దానినుంచే యంత్రాన్ని ఆన్ చేసి, ఒక రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపించినా ఆ మాడ్యూల్‌ను వెనక్కి ఇచ్చేయవలసిందే, ఒకటే కదా అని సరిపెట్టుకోకూడదు. విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నొస్టిక్ కూడా పనికొస్తుంది గానీ, అది మెమ్‌టెస్ట్86+ అంత గట్టి పరీక్ష కాదు. ఈ పరీక్ష పూర్తయ్యేవరకు మార్పిడికి గడువు మిగిలి ఉండేలా చూసుకోండి.

ర్యామ్ పెరిగింది కదా అని పేజ్‌ఫైల్‌ను పూర్తిగా తీసేయమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయకండి. ఇందాక చెప్పిన కమిటెడ్ హద్దు దానివల్ల తగ్గిపోతుంది, ర్యామ్ ఇంకా మిగిలి ఉండగానే ప్రోగ్రాములు మెమరీ లేదంటూ మూసుకుపోతాయి. దాని సైజును విండోస్‌కే వదిలేయండి. హైబర్నేషన్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి యంత్రాన్ని ఆపేయడం) వాడేవారికి మాత్రం ఒక చిన్న విషయం. విండోస్ 10 దానికోసం ర్యామ్‌లో సుమారు 40 శాతం సైజున్న ఫైలును డిస్క్‌లో ఉంచుతుంది, ర్యామ్ 4 నుంచి 12 అయితే ఆ ఫైలు మూడు జీబీలకు పైగా పెరుగుతుంది.

ర్యామ్ ఏం చేయదో కూడా చెప్పాలి. విండోస్ లేవడానికి పట్టే సమయం, ఒక ప్రోగ్రామును రోజులో మొదటిసారి తెరవడానికి పట్టే సమయం పెద్దగా తగ్గవు, ఎందుకంటే అవి డిస్క్ నుంచి చదివే పనులు. అదే ప్రోగ్రామును మూసి మళ్లీ తెరిస్తే మాత్రం, అది క్యాష్‌లో మిగిలి ఉంటుంది కనుక చటుక్కున వస్తుంది. ఆ మొదటి సమయాలు కూడా తగ్గాలంటే హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారాన్ని దాచే డ్రైవ్) పెట్టుకోవాలి. మీ యంత్రంలో 2.5 అంగుళాల సాటా రకం సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి ఒక పేజీ రావడానికి పట్టేది 100 మైక్రోసెకన్ల ప్రాంతం, అంటే హార్డ్ డిస్క్ కంటే సుమారు వంద రెట్లు తక్కువ. ర్యామ్ కొరతను ఎస్‌ఎస్‌డీ తీర్చదు, కానీ ఆ కొరత వల్ల పడే బాధను బాగా తగ్గిస్తుంది. రెండింటిలో ఒక్కటే కొనగలిగితే ఏది ముందు అని అడిగితే, ఏ ప్రోగ్రామూ తెరవకముందే నిదానంగా ఉండే యంత్రానికి ఎస్‌ఎస్‌డీ ముందు అంటాను. మీలా మొదట్లో ఫర్వాలేదనిపించి, ట్యాబ్‌లు పెరిగేకొద్దీ బిగుసుకుపోయేదానికి ర్యామ్ ముందు. వీలైతే మూత విప్పినప్పుడే రెండూ మార్చేయండి.

కొత్తది కొనాలా అన్న ప్రశ్న మిగిలింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తుంది, కాబట్టి ఎంత ర్యామ్ వేసినా మీ యంత్రం దానికి అర్హత పొందదు. మీ పని బ్రౌజర్‌లోనూ, ఎక్సెల్‌కు బదులు లిబ్రెఆఫీస్‌లోనూ సాగిపోతుందనుకుంటే, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ మింట్‌ను ఎక్కించి, 12 జీబీ ర్యామ్‌తో, ఎస్‌ఎస్‌డీతో ఈ యంత్రాన్ని భద్రతా అప్‌డేట్లతో సహా ఇంకొన్నేళ్లు హాయిగా నడుపుకోవచ్చు. విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రాము తప్పనిసరి అయితే, ఈ ల్యాప్‌టాప్ మీద పెట్టే ఖర్చును తక్కువలోనే ఉంచండి. ఎస్‌ఎస్‌డీని రేపు యూఎస్‌బీ కేసులో పెట్టి బయటి డ్రైవ్‌గా వాడుకోవచ్చు, దాని మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. డీడీఆర్3ఎల్ మాడ్యూల్ మాత్రం మీరు కొనబోయే ఏ కొత్త యంత్రంలోనూ పట్టదు. అటువంటప్పుడు 8 జీబీ మాడ్యూల్ బదులు ఇప్పుడున్నదానికి జతగా మరో 4 జీబీ మాడ్యూల్ తీసుకుని, మొత్తం 8 దగ్గర ఆగిపోండి.